పట్టా చేతికొచ్చాక

గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో చదివినవాళ్లకిచ్చే పట్టా మీద ఇంగ్లీషులో ‘అతడు’ అనే అచ్చయి ఉండేది. అయ్యలసోమయాజుల లలిత చదువు ముగించేసరికి ఆ మాట కొట్టేసి, ‘ఆమె’ అని దిద్దాల్సి వచ్చింది. మన దేశపు తొలి మహిళా ఇంజనీరని చెప్పేటప్పుడు ఈ ముచ్చట తప్పక వస్తుంది. అసలు కథ ఆ దిద్దుబాటు తర్వాతిది.

మద్రాసులో ఒక తెలుగింట 1919లో పుట్టారామె. 15 ఏళ్లకు పెళ్లి. 18 ఏళ్లకు ఒళ్లో నెలల పాప, భర్త లేడు. డాక్టరీ చదవొచ్చు, కానీ వేళాపాళా లేని ఆ పని పసిదాన్ని పెంచనివ్వదు. సాయంత్రానికి ఇంటికి చేర్చే వృత్తి కావాలనుకుని ఇంజనీరింగ్ ఎంచుకున్నారు. తండ్రి పప్పు సుబ్బారావు గిండీలోనే ఎలక్ట్రికల్ ప్రొఫెసర్, ప్రిన్సిపాల్ కె.సి. చాకోను ఆయనే ఒప్పించారు. 1940లో సీటు దొరికింది.

జమాల్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో అప్రెంటిస్‌షిప్, ఆపైన సిమ్లాలో ఉద్యోగం. 1948లో కలకత్తాలోని అసోసియేటెడ్ ఎలక్ట్రికల్ ఇండస్ట్రీస్‌లో చేరారు. ట్రాన్స్‌మిషన్ లైన్ల డిజైన్, సబ్‌స్టేషన్ల లేఅవుట్, రక్షణ పరికరాలు ఆమె పని. ఎక్కడో లైను తెగి షార్ట్ అయితే ఆ ముక్క ఒక్కటే క్షణంలో విడిపోవాలి, మిగతా ఊళ్లలో దీపం ఆరకూడదు. ఆ లెక్క తప్పితే ట్రాన్స్‌ఫార్మర్లే కాలిపోతాయి. భాక్రా నంగల్ డ్యామ్ జనరేటర్ల పనిలోనూ ఆమె చెయ్యి ఉంది.

మరి పాప శ్యామల? కలకత్తాలో తోబుట్టువు కుటుంబం అండగా నిలిచింది. లలిత ప్రతిభను తక్కువ చేయడానికి కాదు ఈ మాట. ఆ ఆసరా లేకుంటే ఎంత ప్రతిభ ఉన్నా అది డ్రాయింగ్ బోర్డు దాకా చేరేది కాదు. అలా ఉద్యోగం కొనసాగిస్తూ లలిత 1964లో న్యూయార్క్‌లో జరిగిన తొలి అంతర్జాతీయ మహిళా ఇంజనీర్లు, శాస్త్రవేత్తల సదస్సుకు వెళ్లారు. 1977లో రిటైరయ్యారు. కలకత్తా ఉద్యోగంలోనే దాదాపు మూడు దశాబ్దాలు!

ఇప్పుడు ఇంజనీరింగ్ సీట్లకు అమ్మాయిలను ఎవరూ అడ్డుకోరు. బిడ్డ పుట్టాక ఉద్యోగం నిలబెట్టుకోవడమే కష్టం. అందరికీ పక్కవీధిలో తోబుట్టువులు ఉండరు కదా! 50 మంది, అంతకు మించి పనిచేసే చోట పసిపిల్లలను చూసుకునే గది, అంటే క్రెష్, ఉండాలని ప్రసూతి ప్రయోజన చట్టాన్ని 2017లో సవరించినప్పుడే నిబంధన పెట్టారు. ఆఫర్ లెటర్ అందుకున్న అమ్మాయిలూ, జీతం గురించి అడిగినంత ధైర్యంగా ఆ గది ఎక్కడుందో కూడా అడగండి.