తోలు మీది, ఎముకలు మావి

చోడవరంలో మేము రెండు భాషల్లో ఒకే మాట వింటూ పెరిగాం. అబ్బాలు ఉస్తాద్‌తో అనేవారు: 'ఖాల్ ఆప్కీ, హడ్డియాఁ హమారీ'. పక్కింటి నాన్నలు మాస్టారితో అనేవారు: 'కళ్ళు రెండూ వదిలేసి తోలు వలిచెయ్యండి'. మతాలు వేరు, బెత్తం ఒకటే.

ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' (1991) నుంచి మేము బయటి గాయాన్ని గొంతెత్తి చెప్పుకున్నాం. ఇంట్లో దెబ్బని మాత్రం ముచ్చటగా రాసుకున్నాం. అబ్బా బెల్టు నవ్వులాటైంది, అమ్మీ శాపనార్థం ప్రేమైంది. పిల్లల్ని కొట్టొద్దని 'బిడ్డల శిక్షణ'లో చలం ఏనాడో చెప్పాడు. ఆయన్ని స్త్రీల కోసమే చదివి, పిల్లల దగ్గర పుస్తకం మూసేశాం.

ఇంట్లో దెబ్బలు తిన్న పిల్లల్లో నూటికి 88 మందిని కొట్టింది తల్లిదండ్రులేనని 2007లో కేంద్ర ప్రభుత్వ అధ్యయనం తేల్చింది. 2009 విద్యాహక్కు చట్టం బడిలో బెత్తాన్ని నిషేధించింది. ఇంటి గడప ఎక్కలేదు.

దెబ్బలు తిన్నవాళ్ళంతా కొట్టేవాళ్ళు కారు. 'మా నాన్న కొట్టబట్టే బాగుపడ్డాను' అనుకునేవాడే ఆ బెత్తాన్ని కొడుక్కి ఆస్తిలా రాసిస్తాడు. బయట మింగిన అవమానాన్ని అబ్బా ఇంట్లో కక్కుతాడు. అది కారణమే గానీ సాకు కాదు.

లోకాన్ని న్యాయం అడిగే మాకు, మా ఇళ్ళలో నోరులేని మైనారిటీ పిల్లలే. వాళ్ళ వీపుల్ని చదవని అస్తిత్వ సాహిత్యం సగమే.