నిశ్శబ్దపు కారులో గాలి హోరు

"ఇంజను లేదన్నావు గదరా, మరీ రొదేటి?"

ఈ ప్రశ్న వేసినది మా పెదనాన్నగారు. వయస్సు ఎనభై దాటింది. ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో బోగీల మరమ్మతు విభాగంలో పనిచేసి రిటైరయ్యారు. బెంగాల్-నాగపూర్ రైల్వే రోజుల్లో శ్రీకాకుళం వైపు నుంచి వెళ్ళి అక్కడ స్థిరపడిన అనేక తెలుగు కుటుంబాల్లో మాదొకటి. గత వేసవిలో మా అన్నయ్య కొన్న విద్యుత్ కారులో ఆయన్ని ఎక్కించుకుని బాలాసోర్ బయలుదేరాం. రైల్వే కాలనీ వీధుల్లో కారు పిల్లిలా నడిచింది. పెదనాన్నగారు ముచ్చటపడ్డారు. చౌరంగీ కూడలి దాటి 16వ నెంబరు జాతీయ రహదారి ఎక్కాం. వేగం వందకు చేరేసరికి ఆయన చెవి కిటికీ వైపు తిరిగింది. అప్పుడు వేసినదే పై ప్రశ్న.

"ఇంజను చప్పుడు లేదు కాబట్టి గాలి చప్పుడు వినిపిస్తోంది పెదనాన్నా" అన్నాను.

"అంటే ఈ గాలి మీ నాన్న అంబాసిడర్లోనూ ఇంతే ఉండేదంటావా?" అన్నారాయన.

నా దగ్గర జవాబు లేదు. సిగ్గుపడాల్సిన విషయమేమిటంటే, నేను చెప్పిన ఆ వాక్యం నేనే నాలుగైదు వ్యాసాల్లో అనువదించినది. విద్యుత్ కార్ల గురించి మన పత్రికల్లో వచ్చే రాతల్లో మూడు మాటలు పదేపదే కనిపిస్తాయి. విద్యుత్ కారు నిశ్శబ్దమైనది అన్నది మొదటి మాట. ఇంజను లేనందువల్లనే గాలి చప్పుడు బయటపడుతుంది అన్నది రెండోది. ఫలానా కారులో వంద కిలోమీటర్ల వేగం దగ్గర ఇన్ని డెసిబెళ్లు అన్నది మూడోది. ఈ మూడింటిలోనూ కొంత నిజం ఉంది. కాని మూడూ కలిసి అసలు ప్రశ్నను మూసేస్తున్నాయని నా ఫిర్యాదు. ఆ ఫిర్యాదులో నేనూ ముద్దాయినే.

మొదటి మాటను త్వరగా ముగిద్దాం. విద్యుత్ మోటారు మూగది కాదు. దానిలోని అయస్కాంత బలాలు మారుతున్నప్పుడు లోహపు చట్రం కంపిస్తుంది. మోటారుకు విద్యుత్తును అందించే ఇన్వర్టరు సెకనుకు వేలసార్లు స్విచ్ వేసి తీస్తుంది. ఆ సన్నని కీచు స్వరం కొత్త తరం లోకల్ రైలు స్టేషను నుంచి కదిలేటప్పుడు వినేవారందరికీ తెలిసినదే. కారులో అది చిన్నది, అంతే.

రెండో మాట ఇంతకంటే గట్టిది. ఒక ధ్వని మరో ధ్వనిని కప్పివేస్తుందన్నది పరీక్షకు నిలిచిన సత్యం. అమెరికాలో వెగెల్, లేన్ అనే శాస్త్రజ్ఞులు 1924లో దీన్ని జాగ్రత్తగా కొలిచారు. తక్కువ పౌనఃపున్యం గల ధ్వని తనకంటే ఎక్కువ పౌనఃపున్యం గల ధ్వనిని తేలిగ్గా కప్పుతుంది. దీనికి తిరుగుదిశలో కప్పడం కష్టం. ఇది చెవి నిర్మాణంలోనే ఉంది. లోచెవిలోని పొర మీద తక్కువ పౌనఃపున్యపు తరంగం చివరిదాకా ప్రయాణించాలి. దారిలో అది ఎక్కువ పౌనఃపున్యాలను గ్రహించే భాగాన్ని కూడా కదిలిస్తూ పోతుంది. ఈ తరంగాన్ని కనిపెట్టిన బెకెసీకి 1961లో నోబెల్ బహుమతి వచ్చింది.

మరి ఇందులో తప్పేముంది? లెక్క వేసి చూడండి. నాలుగు సిలిండర్ల ఇంజను నిమిషానికి 3000 సార్లు తిరుగుతోందనుకుందాం. ఒక్కో చుట్టుకు రెండు సిలిండర్లు మండుతాయి. అంటే సెకనుకు 100 సార్లు. ఇంజను గుమగుమ 100 హెర్ట్జ్ దగ్గర ఉందన్నమాట. కిటికీ పక్కన వినిపించే గాలి బుసలో చెవికి బాగా తగిలే భాగం 1000 నుంచి 4000 హెర్ట్జ్ దాకా ఉంటుంది. ఈ రెంటి మధ్య దూరం చాలా ఎక్కువ. ఇంజను ధ్వని చాలా గట్టిగా ఉంటే తప్ప అంత పైనున్న బుసను పూర్తిగా కప్పలేదు. పైగా వంద కిలోమీటర్ల వేగం దగ్గర నేటి పెట్రోలు కార్లలోనూ ఇంజనుది పైచేయి కాదు. అక్కడ టైర్లు, గాలి రాజ్యమేలుతాయి. విద్యుత్ కారుకీ పెట్రోలు కారుకీ ధ్వనిలో పెద్ద తేడా కనిపించేది ఇరవై, ముప్పై కిలోమీటర్ల వేగం దగ్గర. అంటే ఈ వివరణను మనం ఎక్కువగా వాడుకునే చోటే దాని బలం తక్కువ! అది అబద్ధం కాదు. కాని అది చెప్పేసి ఊరుకుంటే, గాలి ఎందుకు మోగుతుంది, ఎక్కడ మోగుతుంది అని ఎవరూ అడగరు.

పెదనాన్నగారికి దానిలో సగం తెలుసు. ఆయన ఉద్యోగంలో చేరిన కాలంలో రైలు పట్టాల పక్కన టెలిగ్రాఫు తీగెలుండేవి. గాలి వీస్తే అవి పాడేవి. స్తంభానికి చెవి ఆనించి వినడం కాలనీ పిల్లల ఆట. ఆ పాటకు సూత్రాన్ని 1878లో చెక్ శాస్త్రజ్ఞుడు స్ట్రౌహాల్ ఇచ్చాడు. సన్నని తీగెకు గాలి అడ్డంగా వీచినప్పుడు దాని వెనుక అటొకటి ఇటొకటి చొప్పున సుడులు విడివడతాయి. సెకనుకు ఎన్ని సుడులు విడివడతాయో కావాలంటే గాలి వేగాన్ని తీగె మందంతో భాగించి సుమారు 0.2తో గుణించాలి. కారు పైకప్పు మీది యాంటెన్నా మందం 5 మిల్లీమీటర్లనుకోండి. గంటకు 100 కి.మీ. అంటే సెకనుకు దాదాపు 28 మీటర్లు. (ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫారం పొడవు 1072.5 మీటర్లు. ప్రపంచంలోకెల్లా పొడవైనదని మేం బళ్ళో గర్వంగా చదువుకున్నాం. 2013లో గోరఖ్‌పూర్, 2023లో హుబ్బళ్ళి దాన్ని దాటేశాయి. ఈ వేగంతో దాన్ని దాటడానికి 39 సెకన్లు చాలు.) లెక్క కడితే 1100 హెర్ట్జ్ పైచిలుకు వస్తుంది. అంటే చక్కని ఈల. కొన్ని కార్ల యాంటెన్నాలకు సన్నని తీగె మెలితిరిగి చుట్టి ఉండటం మీరు చూసే ఉంటారు. అది అలంకారం కాదు. సుడులన్నీ ఒకేసారి విడివడకుండా ఆ మెలిక చెదరగొడుతుంది. ఎత్తయిన ఫ్యాక్టరీ పొగగొట్టాల చుట్టూ ఉండే మెలికల పని కూడా ఇదే.

కారులో యాంటెన్నా చిన్న దొంగ. పెద్ద దొంగలు వేరే ఉన్నారు. ముందు అద్దానికీ తలుపు అద్దానికీ మధ్య ఏటవాలుగా నిలిచే స్తంభం మీదుగా గాలి మడతపడి, పొడవాటి సుడిగా మారి పక్క అద్దాన్ని కొడుతుంది. వెనుక వచ్చే వాహనాలను చూపించే చిన్న అద్దం మరో సుడిగుండం. మూడోది తలుపు చుట్టూ ఉండే రబ్బరు బీడింగు. అందులో సందు ఉంటే, వేగంగా పోతున్నప్పుడు బయటి పీడనం తగ్గి లోపలి గాలి సన్నగా బయటికి లాగబడుతుంది. ఈ ముగ్గురూ డ్రైవరు చెవికి అడుగు, అడుగున్నర దూరంలోనే ఉన్నారు.

వేగంతో ఇది ఎలా పెరుగుతుందన్నది మన రాతల్లో దాదాపుగా కనిపించని సంగతి. నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించేది అదే. గాలి తానుగా ఎలా ధ్వని పుట్టిస్తుందో 1952లో మాంచెస్టర్‌లో లైట్‌హిల్ గణితంతో చూపించాడు. దేన్నీ తాకని గాలి సుడుల ధ్వనిశక్తి వేగం యొక్క ఎనిమిదో ఘాతంతో పెరుగుతుంది. జెట్ విమానపు హోరు ఇదే. ఘనపదార్థాన్ని గాలి కొట్టినప్పుడు అది ఆరో ఘాతమని 1955లో కర్ల్ నిరూపించాడు. సందులోంచి గాలి కారితే నాలుగో ఘాతం. కారుకు వర్తించేవి ప్రధానంగా చివరి రెండు. వేగం రెట్టింపయితే ఆరో ఘాతం ప్రకారం ధ్వనిశక్తి 64 రెట్లవుతుంది, అంటే 18 డెసిబెళ్లు. రకరకాల ధ్వనులు కలిసిపోవడం వల్ల కారు లోపల కొలిస్తే ఇంతకంటే కొంత తక్కువే రావచ్చు. అయినా టైర్ల చప్పుడు వేగం రెట్టింపయితే సుమారు 9 నుంచి 12 డెసిబెళ్లే పెరుగుతుంది. అందుకే ఊళ్ళో టైర్లకు వెనుక నడిచే గాలి, రహదారి మీద వాటిని దాటిపోతుంది. 2001లో బెంగళూరు నుంచి వచ్చిన రేవా కారులో ఎవరూ గాలి హోరు గురించి బాధపడకపోవడానికి కారణం అది పట్నం దాటి పోకపోవడమే.

ఇక మూడో మాట, డెసిబెల్ అంకె. పత్రికల పట్టికల్లో వేసే అంకె సాధారణంగా 'ఎ' తూనికతో కొలిచినది. చెవి తక్కువ పౌనఃపున్యాలను తక్కువగా వింటుంది కనుక మీటరు కూడా వాటిని తగ్గించి లెక్కిస్తుంది. 100 హెర్ట్జ్ దగ్గర 19 డెసిబెళ్లు కోత పడుతుంది. 2000 దగ్గర కోత లేకపోగా ఒక డెసిబెల్ కలుస్తుంది. ఒక కారులో 100 హెర్ట్జ్ గుమగుమ 80 డెసిబెళ్లు, మరో కారులో 2000 హెర్ట్జ్ బుస 60 డెసిబెళ్లు ఉన్నాయనుకోండి. మీటరు రెంటికీ 61 అనే చెబుతుంది! కాని మన మాటల్లోని స, శ, త, ప వంటి హల్లుల తేడాలు తెలిపే శక్తి ఎక్కువగా 2000 నుంచి 4000 హెర్ట్జ్ మధ్యనే ఉంది. రెండో కారులో వెనుక సీటు మనిషి "ఏంటి? ఏంటి?" అంటూనే ఉంటాడు. మాట ఎంత స్పష్టంగా వినిపిస్తుందో లెక్కగట్టే పద్ధతి 1947 నుంచీ ఉంది. బిగ్గరదనాన్ని లెక్కగట్టే జ్వికర్ పద్ధతి 1975లోనే అంతర్జాతీయ ప్రమాణాల్లో చేరింది. పట్టిక వేసే వారికి అవి తెలియక కాదు, ఒక్క అంకె సులువు కాబట్టి.

ఆ ఒక్క అంకెకైనా పక్కన ఉండాల్సిన ఇంకో అంకె ఎప్పుడూ ఉండదు. అది ఆనాటి గాలి. స్పీడోమీటరు నేల మీద వేగాన్ని చూపుతుంది, గాలిలో వేగాన్ని కాదు. వేసవిలో దక్షిణ బెంగాల్లో గాలి తరచు దక్షిణం నుంచి, సముద్రం మీదుగా వస్తుంది. ఖరగ్‌పూర్ నుంచి బాలాసోర్ దాదాపు దక్షిణ దిక్కు. ఎదురుగాలి గంటకు 20 కి.మీ. అనుకుంటే వెళ్ళేటప్పుడు మా కారుకు తగిలినది 120, వచ్చేటప్పుడు 80. ఆరో ఘాతం లెక్కన ఈ రెంటికీ తేడా 10 డెసిబెళ్లకు పైన. 10 డెసిబెళ్లంటే చెవికి సుమారు రెట్టింపు బిగ్గర. అదే కారు, అదే రోడ్డు, స్పీడోమీటరు మీద అదే 100! కారు లోపలి ధ్వనిని కొలిచే అంతర్జాతీయ ప్రమాణం, ఐఎస్ఓ 5128, గాలి సంగతి పట్టించుకుంటుంది. రోడ్డు మీద ఫోను తీసి డెసిబెళ్లు కొలిచి రాసేవారు పట్టించుకోరు. తిరుగు ప్రయాణంలో పెదనాన్నగారు జలేశ్వర్ దాటక ముందే కునుకు తీశారు. నేనది భోజనం ప్రభావమనుకున్నాను, ఇంటికి వచ్చి లెక్క వేసేదాకా.

వెళ్ళేటప్పుడు ఇంకొకటి జరిగింది. బెల్డా దగ్గర టీకి ఆగినప్పుడు పెదనాన్నగారు పక్క దుకాణంలో బ్రౌను టేపు కొనిపించారు. తన వైపు తలుపు మూశాక, బయటినుంచి తలుపుకీ స్తంభానికీ మధ్య సందు మీద అంటించమన్నారు. మా అన్నయ్య కొత్త కారు రంగు పోతుందని గొణిగాడు. టేపు వేసి మళ్ళీ వందకు చేరేసరికి సన్నని బుస సగానికి పైగా పోయింది, బరువైన హోరు మాత్రం మిగిలింది. నాలుగో ఘాతపు దొంగ దొరికాడు! ఆ మూల రబ్బరు బీడింగు పెదవి లోపలికి మడతపడి ఉంది. "బోగీ కిటికీలకి మేం చేసేది ఇదే" అన్నారాయన. కార్ల కంపెనీల పరీక్షశాలల్లోనూ ఇదే చేస్తారు. అన్ని సందులూ టేపుతో మూసి, ఒక్కొక్కటే విప్పుతూ కొలుస్తారు. ఇంట్లో కారున్న విద్యార్థులు పెద్దల అనుమతితో ప్రయత్నించవచ్చు. డ్రైవరు పక్కన కాకుండా వెనుక సీటులో కూర్చుని వినండి. రోడ్డు తీరు మారితే మారేది టైరు చప్పుడు. లారీని దాటేటప్పుడు ఊగిసలాడేది గాలి చప్పుడు.

ప్రకటనల్లో ఈ మధ్య మరో మాట చేరింది. వ్యతిరేక ధ్వనిని స్పీకర్ల ద్వారా పంపి రొదను రద్దు చేస్తామని. 100 హెర్ట్జ్ ధ్వని తరంగదైర్ఘ్యం 3.4 మీటర్లు. అందులో సుమారు పదోవంతు మేర, అంటే తల పట్టేంత చోటులో, రద్దు బాగా పనిచేస్తుంది. 2000 హెర్ట్జ్ దగ్గర తరంగదైర్ఘ్యం 17 సెంటీమీటర్లు, పదోవంతు 1.7 సెంటీమీటర్లు. తల కొంచెం తిప్పితే చాలు, పోయింది. కాబట్టి గాలి బుసకు ఆ మంత్రం పెద్దగా పనిచేయదు. పనిచేసేవి ఆకారం, అద్దం. 2010లో వచ్చిన నిస్సాన్ లీఫ్ కారులో ముందు దీపాలు ఉబ్బెత్తుగా ఉండేవి. గాలిని చీల్చి పక్క అద్దాలకు తగలకుండా మళ్ళించడం వాటి ఉద్దేశం. చూడటానికి కప్ప కళ్ళలా ఉన్నాయని నవ్వినవారున్నారు. నాకైతే ఆ కారులో నచ్చినది అదే. అద్దం సంగతి మరింత చిత్రం. 4 మిల్లీమీటర్ల గాజు పలక 3000 హెర్ట్జ్ ప్రాంతంలో తన సొంత వంపు తరంగాలతో ధ్వనికి దారి ఇచ్చేస్తుంది. సరిగ్గా మన చెవి చురుకుగా ఉండే చోట! రెండు పలకల మధ్య మెత్తని ప్లాస్టిక్ పొర పెడితే ఆ కంపనం అణగిపోతుంది. గాజు మందం పెంచితే బరువు పెరుగుతుంది, బరువుతో బ్యాటరీ మీద భారం పెరుగుతుంది. ఆకారం దిద్దితే బరువు పెరగదు, పైగా గాలి నిరోధం కూడా తగ్గవచ్చు. ఏ కంపెనీ ఏ దారి పట్టిందన్నది డెసిబెల్ పట్టికలో కనిపించదు.

అంబాసిడర్ ప్రశ్నకు జవాబు నేను పెదనాన్నగారికి ఉత్తరంగా రాశాను. పైకప్పు అంచున గట్టులాంటి వాననీటి కాలువ, తలుపుకు తిరిగే చిన్న అద్దం, వదులు బీడింగు ఉన్న ఆ కారు వందలో నడిస్తే గాలి ఇంతకంటే ఎక్కువే మోగి ఉండేదని, కాని నాన్న దాన్ని అరవై దాటించేవారు కాదని, 60కీ 100కీ మధ్య ఆరో ఘాతం తేడా 13 డెసిబెళ్లని వివరంగా లెక్కతో సహా రాశాను. ఆదివారం ఫోను చేశారు. ఉత్తరం చదివానన్నారు. "లెక్క బాగుంది గానీ, మీ అన్నయ్య ఆ రబ్బరు మార్పించాడా?" అన్నారు.