తలుపు తీయించిన నర్సు

మా మేనత్తకు రొమ్ము క్యాన్సర్ ముదిరి పుండు పడింది. నొప్పికన్నా ఆ వాసనే ఆమెను ఎక్కువ కుంగదీసింది. మనవళ్లు గదిలోకి రావడం మానేశారు. తలుపు వేసే ఉంచమనేది అత్త.

చేవెళ్ల వైపు అత్త వాళ్ల ఊరికి, మంచాన పడ్డవారిని ఇంటికొచ్చి చూసే ‘ఆలన’ బండిలో నర్సు వచ్చిన రోజు నేనక్కడే ఉన్నాను. రాగానే కట్టు విప్పుతుందనుకున్నాను. ఆమె మంచం పక్కన కూర్చుని, "పెద్దమ్మా, రాత్రి నిద్ర పట్టిందా?" అని అడిగింది. ఎన్నాళ్లకో అత్త నోరు విప్పింది. తర్వాత సెలైన్‌తో తడిపి, పాత కట్టు దానంతట అది వదిలేదాకా ఓపిక పట్టింది. మెట్రోనిడజోల్ మాత్రలు మెత్తగా పొడి చేసి పుండు మీద చల్లింది. "వాసన పుట్టించే క్రిములు దీనికి చస్తయక్కా" అంటూ మా వదిన చేత కూడా చేయించింది. నాలుగు రోజులకు తలుపు తీశారు.

డాక్టరు రాసిన మార్ఫిన్ మాత్రలంటే మా బావకు భయం, అలవాటు పడుతుందేమోనని. నొప్పి లేచాక పరుగెత్తడం కాదు, నాలుగు గంటలకోసారి వేళ తప్పకుండా వేయాలని నర్సే నచ్చజెప్పింది. మలబద్ధకం రాకుండా మందు కూడా మరవొద్దంది. ఆ మాటలు చీటీ మీద ఉండవు. ఇంట్లో కూర్చుని చెప్పేవాళ్లు కావాలి.

ఈ తీరు సేవ వెనక ఆలోచన పాతదే. 1967లో లండన్‌లో చివరి దశ రోగుల కోసం సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ తెరిచిన సిసిలీ సాండర్స్ డాక్టరు కాకముందు నర్సు. ఒంటి నొప్పి, మనసు బాధ, ఇంటి దిగులు, దేవుడి మీద సందేహం అన్నీ కలిసిందే రోగి వేదన అని ఆమె చెప్పింది. మంచం పక్కన గడిపిన మనిషికే తట్టే మాట అది. నయంకాని జబ్బుల్లో బాధ తగ్గించే ఈ పాలియేటివ్ సేవ మన దగ్గర కోళికోడ్‌లో 1993లో మొదలై, 2008 నాటికి కేరళ ప్రభుత్వ విధానమైంది. అక్కడ పంచాయతీ నర్సులు ఇల్లిల్లూ తిరుగుతారు. ప్రపంచంలో ఈ సేవ అవసరమైనవారిలో దాదాపు 14 శాతం మందికే అది అందుతోందని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క.

అత్త పోయేముందు వారం మనవళ్లు ఆమె మంచం మీదే పడుకున్నారు.

మీ ఇంట్లో నయంకాని జబ్బుతో ఎవరైనా మంచాన ఉంటే చివరి వారం దాకా ఆగకండి. జిల్లా ఆసుపత్రికి వెళ్లి, ఇంటికొచ్చే పాలియేటివ్ నర్సు ఉన్నారా అని ఇవాళే అడగండి.