చిట్టా దక్కితే ఆవర్జా దక్కినట్టే

ఛత్తీస్‌గఢ్‌లోని మద్దేడ్ చుట్టుపక్కల ఎండాకాలం అంటే తునికాకు. భోపాలపట్నం, బీజాపూర్ దారి వెంట ఉన్న ఊళ్లలో ఏప్రిల్, మే నెలలు వస్తే ఇంటిల్లిపాదీ తెల్లారేసరికి అడవిలో ఉంటారు. కోసుకొచ్చిన ఆకును యాభై యాభైగా కట్టలు కట్టి, పొద్దుగూకేలోపు కల్లానికి చేరుస్తారు. ఛత్తీస్‌గఢ్ లెక్కలో వెయ్యి కట్టలు ఒక మానక్ బోరా, అంటే 50,000 ఆకులు. 2024లో బోరా ధర 5,500 రూపాయలు. కల్లం దగ్గర మున్షీ కట్టలు లెక్కపెట్టి రెండుచోట్ల రాస్తాడు. ఒకటి తన రిజిస్టరు, రెండోది ఆకు తెచ్చిన వాళ్ల కార్డు. రిజిస్టరు మున్షీ దగ్గర ఉంటుంది, కార్డు వాళ్లింటికి పోతుంది.

మే నెల గాలివానకు ఆ రిజిస్టరు తడిసి ముద్దయిందనుకుందాం. కార్డులన్నీ తెప్పించి, తేదీలవారీగా కూడుకుంటూ పోతే కొత్త రిజిస్టరు తయారవుతుంది. గోదాముకు వెళ్లిన బోరాల సంఖ్యతో దాన్ని సరిచూసుకోవచ్చు. మరి కార్డులూ పోయి, బోరాల సంఖ్య ఒక్కటే మిగిలితే? మొత్తం ఎంతో తెలుస్తుంది గానీ ఎవరికి ఎంత ఇవ్వాలో తెలియదు. సరిచూసుకోవడానికి పనికొచ్చే లెక్క వేరు, పోయినదాన్ని తిరిగి కట్టుకోవడానికి పనికొచ్చే లెక్క వేరు. పెద్ద పెద్ద సర్వర్ల ముందు కూర్చునే వాళ్లు కూడా ఈ తేడాను అవసరం పడ్డ రోజు దాకా పట్టించుకోరు.

మన వర్తకుల పద్దు పుస్తకాల్లో ఈ తేడా మొదటి నుంచీ ఉంది. చిట్టాలో జరిగింది జరిగిన వరుసలో, ఏ రోజుది ఆ రోజే రాస్తారు. ఆవర్జాలో పేరు పేరునా ఖాతాలుంటాయి. రామయ్య బాకీ ఎంత అని అడిగితే గుమస్తా తిరగేసేది ఆవర్జానే. కాబట్టి చూసేవాళ్లకు అదే అసలు పుస్తకంలా కనిపిస్తుంది. కానీ చిట్టాకెక్కనిది ఆవర్జాకెక్కకూడదు. తప్పు పడితే కొట్టివేసి దిద్దకుండా, దాన్ని సరిచేసే పద్దు మరొకటి రాయాలి. ఈ రెండూ పాటించిన దుకాణంలో ఆవర్జా కాలిపోయినా భయం లేదు. కిందటేడు తేల్చిన నిల్వలు ఒక కాగితం మీద ఉంటే చాలు, అక్కడి నుంచి చిట్టా పేజీలు వరుసగా ఎక్కించుకుంటూ వస్తే ఇవాళ్టి ఖాతా తేలుతుంది. 1494లో వెనిస్‌లో అచ్చయిన లూకా పాచోలీ గణిత గ్రంథం కూడా వర్తకుడికి మూడు పుస్తకాలు చెప్పింది. ఖాతాల పుస్తకం వాటిలో చివరిది.

డేటాబేస్ లోపల జరిగేదీ ఇదే. మార్పు ముందు లాగ్‌లో పడుతుంది, తర్వాత తీరిగ్గా డేటా ఫైల్‌లోకి వెళ్తుంది. ఈ లాగ్‌ను ఒరాకిల్ డేటాబేస్‌లో రీడో లాగ్ అంటారు, పోస్ట్‌గ్రెస్‌లో వాల్ అంటారు. ఈ పద్ధతిని పకడ్బందీగా సూత్రీకరించింది మద్రాసు ఐఐటీలో చదివి ఐబీఎంలో పనిచేసిన సి. మోహన్, ఆయన నలుగురు సహచరులు. 1992లో వాళ్లు ప్రచురించిన ఏరీస్ విధానంలో నాకు మహా ఇష్టమైన సంగతి ఒకటుంది. కూలిన డేటాబేస్ లేచాక జరిగిందంతా, సగంలో ఆగిన పనులతో సహా, మళ్లీ జరిపిస్తుంది. ఆ తర్వాతే పూర్తికాని వాటిని వెనక్కి తీస్తుంది. ఆ వెనక్కి తీయడాన్ని కూడా లాగ్‌కెక్కిస్తుంది. కొట్టివేత లేకుండా ఎదురు పద్దు రాసే గుమస్తా చేసేదీ అదే.

ఇక ఫైల్ నిజంగానే పోయిన రోజు సంగతి. చాలామంది చేసే మొదటి పని డేటాబేస్‌ను ఆపి మళ్లీ మొదలుపెట్టడం. అంతకన్నా చేటు లేదు. లైనక్స్‌లో ఎవరో పొరపాటున ఫైల్ చెరిపేసినా, దాన్ని తెరిచి ఉంచిన ప్రాసెస్ నడుస్తున్నంతసేపు అందులోని సమాచారం డిస్కు మీదే ఉంటుంది. పేరు మాత్రమే పోతుంది. ప్రాక్ డైరెక్టరీలో ఆ ప్రాసెస్ నంబరు కింద ఎఫ్‌డీ అనే చోట చూస్తే, చెరిపేసిన ఫైల్, పేరు చివర ‘డిలీటెడ్’ అన్న గుర్తుతో కనిపిస్తుంది. కొత్త రాతలు ఆపించి, అక్కడి నుంచి కాపీ చేసుకోవచ్చు. డేటాబేస్‌ను ఆపేశారో, ఆ దారీ పోయింది.

ఒరాకిల్‌లో అయితే తర్వాత చూడాల్సింది పోయినది ఏ ఫైలు అన్నది. తాత్కాలిక ఫైల్ అయితే కొత్తది పెట్టుకుంటే సరి. ఇండెక్స్‌లు మాత్రమే ఉన్న ఫైల్ అయితే పట్టికల నుంచి మళ్లీ కట్టుకోవచ్చు. మామూలు పట్టికలున్న ఫైల్ అయితే దాన్ని ఒక్కదాన్నే పక్కన పెట్టి, మిగతా పని సాగనిస్తూ బాగుచేయవచ్చు. సిస్టమ్ ఫైలో అన్‌డూ ఫైలో అయితే మాత్రం అన్నీ ఆపి కూర్చోవాల్సిందే.

బాగుచేయడం అంటే పాత బ్యాకప్ నుంచి ఆ ఫైల్ తెచ్చి, అప్పటి నుంచి ఇప్పటిదాకా లాగ్‌లు వరుసగా ఎక్కించడం. వరుసగా అన్నది ఇక్కడ ప్రాణం. నూరు లాగ్‌లలో 41వది లేకపోతే ఫైల్ 40 దగ్గరే ఆగిపోతుంది. మిగతా 59 చేతిలో ఉన్నా దానికి పనికిరావు. మిగతా ఫైళ్లు 100 దగ్గర, ఇదొక్కటి 40 దగ్గర ఉంటే డేటాబేస్ దీన్ని కలుపుకోదు. ఈ ఫైల్‌ను వదులుకోవాలి, లేదా మొత్తం డేటాబేస్‌నే 40 నాటికి వెనక్కి తీసుకుపోవాలి. డిస్కు నిండిపోతోందని పాత లాగ్‌లను చెరిపే అలవాటు వల్ల వచ్చే ముప్పు ఇదే. కొత్త బ్యాకప్ వేరే మెషీన్ మీద తెరుచుకుని, లెక్క సరిపోయిందని కళ్లతో చూసే వరకు పాత లాగ్‌ల జోలికి పోకూడదు.

వేగం కోసం లాగ్ రాయకుండా నేరుగా డేటా ఎక్కించే వెసులుబాటు ఒరాకిల్‌లో ఉంది. సంత రోజు హడావిడిలో చిట్టా మానేసి ఆవర్జాలో గీకేయడమే అది. అలా ఎక్కించిన డేటా ఉన్న ఫైల్ పోయి, పాత బ్యాకప్ నుంచి తెచ్చుకుంటే ఆ భాగం చదవడానికి రాదు.

పక్క సర్వర్ మీద నకలు నడుస్తోంది కదా, ఇదంతా ఎందుకని అడిగేవాళ్లుంటారు. నకలుకు మంచీ చెడూ తెలియదు. ఇక్కడ పట్టిక చెరిపేస్తే అక్కడా చెరిగిపోతుంది.

2017 జనవరి 31 రాత్రి గిట్‌ల్యాబ్ సంస్థలో అలాంటి నకలే మొరాయించింది. ప్రధాన సర్వర్ పాత లాగ్‌లను అప్పటికే తీసేయడంతో, వెనకబడ్డ నకలు సర్వర్‌కు కావలసినవి దొరకలేదు. లాగ్‌లను విడిగా దాచే ఏర్పాటు అక్కడ లేదు. నకలు సర్వర్‌ను మొదటి నుంచి నింపే ప్రయత్నంలో ఒక ఇంజినీరు అదే అనుకుని ప్రధాన సర్వర్‌లోని డేటా డైరెక్టరీ చెరిపేశాడు. ఆపేలోపు 300 జీబీలో దాదాపు నాలుగున్నర జీబీ మిగిలింది. రోజువారీ బ్యాకప్ కోసం చూస్తే, సాఫ్ట్‌వేర్ వెర్షన్ కుదరక అది విఫలమవుతూ వస్తోందని బయటపడింది. ఆ సంగతి చెప్పాల్సిన ఈమెయిళ్లను మెయిల్ సర్వర్ తిప్పికొడుతోంది, ఎవరికీ అందలేదు. చివరికి, వేరే పని కోసం ఆరు గంటల ముందు చేత్తో తీసిన స్నాప్‌షాట్ ఒకటి ఆదుకుంది. ఆ స్నాప్‌షాట్ మీద ఎక్కించడానికి దాచిన లాగ్‌లు లేవు కాబట్టి, తర్వాతి ఆరు గంటల్లో డేటాబేస్‌లో పడ్డ పద్దులు ఇక తిరిగి రాలేదు.