ఎనిమిది మంది సరిపోయిన చోట

ఫార్మ్‌డి ఐదో ఏట ఆరు నెలల ప్రాజెక్టు మొదలవగానే గైడును అడిగే మొదటి ప్రశ్న, ‘శాంపిల్ ఎంతమంది సార్?’ అని. ఎవరిని ఎవరితో పోల్చాలి, ఏ రోజు నుంచి లెక్కపెట్టాలి అన్నవి తేలకుండా ఆ ప్రశ్నకు జవాబుండదు. 1971లో బోస్టన్‌లో ఆర్థర్ హెర్బ్‌స్ట్ బృందం చేతిలో ఉన్నది ఎనిమిది మంది రోగులే. వాళ్లకు వచ్చింది చిన్నవయసు ఆడపిల్లల్లో దాదాపు ఎన్నడూ చూడనంత అరుదైన యోని క్యాన్సర్. ఒక్కొక్కరికీ పోలికగా, ఆమె పుట్టిన ఆసుపత్రిలోనే ఐదు రోజుల తేడాలో పుట్టిన నలుగురు ఆడపిల్లలను వెతికి, తల్లులందరినీ విచారించారు. గర్భం నిలవడానికని వాడిన డైఇథైల్‌స్టిల్‌బెస్ట్రాల్‌ను రోగుల తల్లుల్లో ఏడుగురు వేసుకున్నారు. మిగతా 32 మందిలో ఒక్కరూ లేరు. బిడ్డకు జబ్బు చేసిన తల్లికి పాత మందులు ఎక్కువ గుర్తుంటాయి కదా అంటే, నిజమే, కేస్-కంట్రోల్ పద్ధతికి అది పుట్టుకతో వచ్చిన బలహీనత. అయినా ఏడుకూ సున్నాకూ మధ్య అంతరాన్ని జ్ఞాపకాల తేడా పూడ్చలేదు. ఇక్కడ ట్రయలే గొప్పదని పట్టుబట్టేవారు గర్భిణులకు మందిచ్చి ఇరవై ఏళ్లు కూర్చోవాలి.

దీనికి ఎదురుగా ముట్లుడిగాక వాడే హార్మోన్ల కథ పెట్టి చూడండి. అమెరికా నర్సుల అధ్యయనంలో 48 వేలకు పైగా మహిళలను పదేళ్ల దాకా గమనించి, ఈస్ట్రోజన్ వాడుతున్నవారిలో గుండెజబ్బు దాదాపు సగమేనని 1991లో ప్రకటించారు. తర్వాత 16,608 మందిని లాటరీ పద్ధతిలో రెండు జట్లుగా విడదీసి, ఒక జట్టుకు ఈస్ట్రోజన్, ప్రొజెస్టిన్ కలిపి ఇచ్చిన ట్రయల్‌ను 2002లో మధ్యలోనే ఆపేశారు. హార్మోన్ల జట్టులో గుండెజబ్బు 29 శాతం ఎక్కువగా కనిపించింది, రొమ్ము క్యాన్సరూ పెరిగింది. మందు, వయసు రెండుచోట్లా ఒకటి కావన్న అభ్యంతరం సబబే. ఆరోగ్యం మీద శ్రద్ధ ఉన్నవారే హార్మోన్లు వాడారన్న మాటలోనూ నిజముంది. కానీ అసలు కిటుకు నాకు మరోచోట కనిపిస్తుంది. ‘ప్రస్తుతం వాడుతున్నవారు’ అన్నప్పుడే, మొదలుపెట్టిన కొత్తలో దెబ్బతిని మానేసినవారు లెక్కలోంచి జారిపోయారు. 2008లో మిగ్వెల్ హెర్నాన్ తదితరులు అవే నర్సుల వివరాలను, మందు మొదలుపెట్టిన నాటి నుంచి, ట్రయల్ తీరులో మళ్లీ లెక్కవేస్తే ఆ వైరుధ్యం చాలావరకు సమసిపోయింది. సమాచారం పాతదే. మారింది అడిగిన ప్రశ్న.

ఆరు నెలల్లో, చేతిలో పైసా లేకుండా ట్రయల్ ఎలా చేస్తామని విద్యార్థులు అడగవచ్చు. ప్రతి ప్రశ్నకూ చేయక్కర్లేదు. మన ఓపీకి వచ్చే షుగర్ రోగుల్లో ఎంతమంది మాత్రలు మానేస్తున్నారో తెలియాలంటే క్రాస్-సెక్షనల్ సర్వే చాలు, దానికి చిన్నబుచ్చుకోనవసరం లేదు. చిక్కల్లా, షుగర్ బాగా పెరిగినవారినే ఏరి, కౌన్సెలింగ్ ఇచ్చి, మూడు నెలలకు తగ్గిందని రాసుకోవడంలో ఉంది. ఒకసారి మరీ ఎక్కువొచ్చిన రీడింగు ఏమీ చేయకపోయినా మరోసారి కొంత దిగుతుంది. ఈలోగా డాక్టరు డోసూ పెంచి ఉంటాడు. అదే ఓపీలో చీటీలు వేసి సగం మందికి ఇప్పుడు, మిగతా సగానికి మూడు నెలల తర్వాత కౌన్సెలింగ్ ఇస్తే ఖర్చు పెద్దగా పెరగదు, ఎవరికీ అన్యాయమూ జరగదు, ఎథిక్స్ కమిటీ అడిగినా చెప్పుకోవడానికి జవాబుంటుంది.