సూది మొనకు అందేది

చక్రాయపేట వైపు పల్లెల్లో తొడ మీదో వీపు మీదో కంతి లేస్తే వెంటనే ఆసుపత్రికి పోయేవాళ్లు తక్కువ. నొప్పి లేదు, పనికి అడ్డం లేదు; చెనిక్కాయ ఇంటికొచ్చినాక చూద్దాంలే అంటారు. పైగా ‘సూది పెడితే పాకుతుంది’ అన్న భయం ఒకటి.

ఆ భయంలో పస తక్కువ. గడ్డలోంచి కణాలు లాగి చూసే పరీక్ష ఎఫ్‌ఎన్‌ఏసీకి వాడే సూది మందం 0.6, 0.7 మిల్లీమీటర్లు, దాని దారి వెంట క్యాన్సర్ పాకడం బహు అరుదు. అసలు చేటు తొందరపడిన కత్తితో వస్తుంది. కొవ్వు గడ్డే కదా అని పరీక్ష లేకుండా కోస్తే, అది సార్కోమా, అంటే మెత్తని కణజాలపు క్యాన్సర్ అయిన పక్షంలో కొంత లోపలే మిగిలిపోతుంది. రెండోసారి ఇంకా పెద్ద ఆపరేషన్ చేయాలి. మెత్తని కణజాలంలో లేచే గడ్డల్లో సార్కోమా నూటికి ఒకటి ఉంటే ఎక్కువ. ఆ ఒక్కటీ తక్కినవాటిలాగే నొప్పి లేకుండా ఉండటం వల్లే ఈ చిక్కంతా.

మైక్రోస్కోపు దగ్గర కూర్చోకముందే పాథాలజిస్టుకు చాలా సంగతి తెలిసిపోతుంది. కొవ్వు గడ్డ (లైపోమా) అయితే స్లైడు మీద నూనె చుక్కలు మెరుస్తాయి. ఆల్కహాల్‌లో ముంచితే కొట్టుకుపోతాయి కూడా. మణికట్టు మీది గాంగ్లియాన్ నుంచి చిక్కటి జిగురు వస్తుంది. నరం తొడుగులో పుట్టే ష్వానోమాలోకి సూది దిగితే, కరెంటు కొట్టినట్టు మనిషి ఉలిక్కిపడతాడు. ఆ ఉలికిపాటునూ రిపోర్టులో రాసుకోవాలి, అదీ ఆనవాలే.

అందరినీ తిప్పలు పెట్టేది నాడ్యులర్ ఫేసియైటిస్. ముంజేతి మీద రెండు మూడు వారాల్లో ఉబుకుతుంది. దాని కణాలు విభజన చెందుతూ అచ్చం సార్కోమాలా కనిపిస్తాయి. తీరా చూస్తే హాని లేనిది, తనంతట తానే కరిగిపోవచ్చు. స్లైడు చూసేముందు ‘ఎప్పుడు కనబడిందయ్యా?’ అని అడగని పాథాలజిస్టు ఇక్కడే బోల్తా పడతాడు.

ఈ సూది పరీక్ష నిన్న మొన్నటిది కాదు. 1930లో న్యూయార్క్ మెమోరియల్ ఆసుపత్రిలో మార్టిన్, ఎల్లిస్ వాడింది లావు సూది. సన్న సూదికి పేరు తెచ్చింది స్టాక్‌హోమ్ కరోలిన్‌స్కా ఆసుపత్రి వైద్యుడు ఫ్రాంజెన్. మెత్తని కణజాలం గడ్డల మీద స్వీడన్‌లోనే, లుండ్‌లో, ఆకెర్‌మన్ బృందం చాలా పనిచేసింది.

ఇంత చేసినా, కండె ఆకారపు కణాలే దొరికినప్పుడు సూది చాలా పేర్ల మధ్య ఆగిపోతుంది. రిపోర్టులో ‘స్పిండిల్ కణాల గడ్డ, బయాప్సీ అవసరం’ అని వస్తే, డబ్బులు పోసింది ఇందుకా అని ఇంటివాళ్లు గొణుగుతారు. ఈ కాలమిస్టుకు మాత్రం పేరు ఊహించి రాసిన రిపోర్టుకన్నా ఆ ఒక్క వాక్యమే నయమనిపిస్తుంది. మిగిలిన కణాలను సెల్ బ్లాక్‌గా (మైనం దిమ్మగా) కట్టి దాస్తే, కణాలు ఏ జాతివో చెప్పే ఎస్-100, డెస్మిన్ పరీక్షలు చేయొచ్చు; సైనోవియల్ సార్కోమా అని అనుమానం వస్తే ఎక్స్, 18 క్రోమోజోముల ముక్కలు తారుమారయ్యాయేమో వెతకొచ్చు.