మేస్త్రి పాదం నేర్పిన బల్ల

మేస్త్రి గారి ఎడమ పాదంలో బొటనవేలు మిగతా నాలుగు వేళ్లకు ఎడంగా, పక్కకు ఒరిగి ఉంటుంది. యాభై ఏళ్లకు పైగా ఆ సందులో చెక్క నిలబెట్టి ఉలి వేశారు. మడమతో పలకను అదిమిపెట్టడం, రెండు అరికాళ్ల మధ్య కర్రను బిగించి బాడిశతో చెక్కడం, మోకాలు ఆన్చి రంపం కోయడం ఆయన పనితనంలో సగం. ఉంగుటూరు, కైకరం, చేబ్రోలు వైపు ఊళ్లలో నాగళ్లూ బండిచక్రాలూ ద్వారబంధాలూ ఇలాగే గొంతుక్కూర్చున్న మనిషి పాదాల మధ్య తయారయ్యాయి. ఇంకా దక్షిణంగా కొల్లేరు లంకల్లో తాటిమొద్దు తొలిచి దోనె చేసేవాళ్లకు ఆ పాదం పట్టు కూడా అక్కర్లేదు. మొద్దు బరువే మొద్దును కదలనివ్వదు.

మా బావగారు రిటైరయ్యాక ఉంగుటూరులో ఇంటి వెనక గొడ్లసావిడిని బాగుచేయించి చిన్న పనిశాలగా మార్చుకున్నారు. ఆయనకు మోకాళ్ల నొప్పులు. నేల మీద కూర్చుంటే లేవడం కష్టం. నిలబడి పని చేసుకోవడానికి వడ్రంగి బల్ల చేసిపెట్టమని మేస్త్రి గారిని పిలిపించారు. ఆయన విని, "కాళ్లుండగా బల్లెందుకండీ?" అన్నారు. కాసేపు పనిశాల నేలకేసి చూసి, "అంటే కాలు చేసే పనంతా కర్ర చేత చేయించాలన్న మాట. చూద్దాం లెండి" అన్నారు. ఆ బల్ల పూర్తయ్యేదాకా వీలైనప్పుడల్లా వెళ్లి పక్కన కూర్చున్నాను. చూసిన ప్రతి అమరికకూ అర్థం ఆ ఒక్క మాటలోనే దొరికింది.

పాదం చేసేవి నిజానికి మూడు పనులు. చిత్రిక తోసినప్పుడు చెక్క ముందుకు జారకుండా ఆపుతుంది. ఉలి దెబ్బకు ఎగరకుండా కిందకు అదుముతుంది. అంచు మీద నిలబెట్టిన పలక పడిపోకుండా పక్కనుంచి నొక్కిపడుతుంది. ఈ మూడూ కర్రకూ ఇనుముకూ నేర్పడానికి మనుషులు చాలా కాలం నుంచే పూనుకున్నారు. క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం కింద కూరుకుపోయిన హెర్క్యులేనియంలో ఒక గోడబొమ్మ ఉండేది. అందులో వడ్రంగి బల్లా, దాని బెజ్జంలో దిగేసిన ఇనుప కొక్కెమూ కనిపిస్తాయి. ఆ తర్వాత చాలా శతాబ్దాలకు పారిస్ వడ్రంగి ఆంద్రే జాకబ్ రూబో, 1769లో మొదలై సంపుటాలుగా వెలువడిన తన గ్రంథంలో మందమైన పలక, నిటారైన కాళ్లు ఉన్న బల్లను కొలతలతో సహా గీసి చూపించాడు. బావగారి దగ్గర ఆ బొమ్మ నకలు ఉంది. మేస్త్రి గారు దాన్ని గోడకు అంటించుకున్నారు గానీ కొలతలు మాత్రం తమవే వేసుకున్నారు.

కలప కోసం కొత్త చెట్టు దగ్గరకు వెళ్లలేదు. గోదావరి జిల్లాల్లో పాత పెంకుటిళ్లూ మండువా లోగిళ్లూ విప్పినప్పుడు దూలాలు, వాసాలు, స్తంభాలు విడివిడిగా అమ్ముతారు. తాడేపల్లిగూడెం వైపు అలా రెండు టేకు దూలాలు దొరికాయి. తరాల తరబడి ఎండలూ వానలూ చూసిన కర్ర కనుక ఇక కొత్తగా మెలి తిరిగే భయం తక్కువ. మేస్త్రి గారు ముందు దూలమంతా అయస్కాంతంతో తడిమారు. లోపల విరిగి ఉండిపోయిన ఒక్క మేకు చాలు, చిత్రిక అలుగు పళ్లు పళ్లుగా లేచిపోవడానికి. అలా పదకొండు మేకులు బయటపడ్డాయి. తర్వాత అంచుల్లో మిగిలిన తెల్లచెక్కను చెక్కేశారు. పురుగు పట్టేది దానికేనని, చేవ జోలికి రాదని ఆయన లెక్క. టేకులో నూనె ఉంటుంది, కంటికి కనిపించని ఇసుక కూడా ఉంటుంది. అందుకే చేతికి నునుపుగా తగిలే ఈ కర్ర పనిముట్ల పదును త్వరగా తినేస్తుంది. పట్టుమని పావుగంట తోయగానే చిత్రిక పక్కన పెట్టి సానరాయి అందుకునేవారు.

కాళ్లకు మాత్రం నల్లతుమ్మ. బండిచక్రాల కుండకు ఈ ప్రాంతంలో వాడిన కర్ర అదే. టేకు కంటే బరువు, దెబ్బకు సులువుగా చీలదు. బల్ల పలక 6 అడుగుల పొడవు, 22 అంగుళాల వెడల్పు, మూడున్నర అంగుళాల మందం. కాళ్లు 5 అంగుళాలకు 4 అంగుళాలు. అన్నీ కలిపి లెక్కేస్తే సుమారు 120 కిలోలు తూగుతుంది. అంత బరువెందుకని అడిగితే మేస్త్రి గారు దోనె మొద్దు సంగతే చెప్పారు. చిత్రిక తోసే మనిషి బలమంతా అడ్డంగా వస్తుంది. తేలిక బల్ల ఆ తోపుకు నేల మీద జరుగుతుంది, చెక్క మీద పడాల్సిన బలం బల్ల జరగడంలో వృథా అవుతుంది.

ఎత్తు నిర్ణయించడానికి టేపు వాడలేదు. బావగారిని చెప్పులతో పనిశాలలో నిలబెట్టి, చేతులు వదులుగా వేలాడదీయమన్నారు. చిటికెనవేలి మొదటి కణుపు దగ్గర కాలికి ఆనించిన కర్ర మీద గీత పెట్టారు. కొలిస్తే 32 అంగుళాలు వచ్చింది. ఆ ఎత్తులో చేతులు చాచి చిత్రిక తోస్తే భుజాల కంటే ఎక్కువగా నడుమూ తొడలూ పని చేస్తాయి, ఒంటి బరువు చెక్క మీదకు దిగుతుంది. సన్నపని చేసేటప్పుడు కంటికి దగ్గరగా ఉండాలి గనక, బల్ల మీద పెట్టుకోవడానికి ఆరంగుళాల ఎత్తున్న చిన్న పీట కూడా విడిగా చేశారు.

ఇక కాళ్లనూ వాటిని కలిపే అడ్డపట్టీలనూ జతచేయడం. నేను ఎక్కువసేపు కూర్చుని చూసింది ఇక్కడే. మనం భయపడితే కూసాలు కదిలిపోయాయంటాం. పట్టీ కొసను సన్నంగా నాలుకలా చెక్కితే అది కూసం. కాలిలో దానికి సరిపడా తొలిచిన పల్లం బెజ్జం. కూసం కదిలితే మిగతాదంతా ఏమవుతుందో ఎరిగినవాళ్ల నోట పుట్టిన మాట అది. కూసం మందం ఉజ్జాయింపుగా కర్ర మందంలో మూడో వంతు ఉండాలి. అంతకు మించితే బెజ్జం గోడలు పలచబడతాయి, తగ్గితే కూసమే విరుగుతుంది. మేస్త్రి గారు పెన్సిలుతో గీసిన గీత మీద మళ్లీ కత్తి మొనతో గీశారు. పెన్సిలు గీతకు మందం ఉంటుంది, కత్తి గాటుకు ఉండదు. పైగా ఉలి వచ్చి ఆ గాటులో తనంతట తానే కూర్చుంటుంది. బెజ్జాన్ని ఒకవైపు సగం దాకా తొలిచి, కర్ర తిప్పి రెండోవైపు నుంచి తొలిచారు. రెండూ నడుమ కలిశాక గోడలకు మూలమట్టం ఆన్చి, వెలుతురు ఎక్కడైనా సందు చేసుకుని వస్తోందేమోనని చూశారు.

ఈ కీళ్లలో జిగురు లేదు, మేకు లేదు. ఉన్నది తుమ్మ చీల ఒక్కటే. అది పట్టే తీరులోనే అసలు తెలివి ఉంది. ముందు బెజ్జం గోడల గుండా అడ్డంగా గుండ్రని రంధ్రం తొలిచారు. కూసాన్ని బెజ్జంలో దూర్చి, బరమా మొనతో రంధ్రం నడిబొడ్డును కూసం మీద గుర్తించారు. కూసాన్ని బయటకు లాగి, సరిగ్గా ఆ గుర్తు మీద కాకుండా, కూసం మొదలువైపు అర నూలు జరిపి రంధ్రం వేశారు. నూలంటే అంగుళంలో ఎనిమిదో వంతు. అందులో సగం. ఇప్పుడు కూసాన్ని మళ్లీ దూర్చితే మూడు రంధ్రాలూ ఒక వరసలో ఉండవు, నడిమిది కాస్త తప్పి ఉంటుంది. మొన సన్నంగా చెక్కిన చీలను కొడితే, అది ఆ తప్పిన రంధ్రంలోంచి దూరడానికి తనను తాను వంచుకుంటూ కూసాన్ని లోపలికి లాగుతుంది. కూసం మొదట్లో మిగిలే పట్టీ భుజం వచ్చి కాలికి అతుక్కుపోతుంది. మధ్యలో కాగితం ముక్క దూరదు. ఏళ్లు గడిచి కర్ర కాస్త ఎండినా వంగిన చీల లాగుతూనే ఉంటుంది.

చీలలను రంపంతో కోయలేదు. మొద్దు మీద కత్తి పెట్టి కొట్టి చీల్చారు. కోస్తే నార ఎక్కడో ఒకచోట తెగుతుంది, చీల్చితే ఈ కొస నుంచి ఆ కొస దాకా నార అలాగే ఉంటుంది కాబట్టి వంగినా విరగదు. వాటిని నూనెలో ముంచి, చింతచేవ సుత్తితో కొట్టారు. మొదటి దెబ్బలకు చప్పుడు బోలుగా వచ్చింది. భుజం ఆనుకున్న క్షణంలో అది గట్టి, కురచ చప్పుడుగా మారింది. మేస్త్రి గారు అక్కడ ఆపేశారు. ఎనిమిది కీళ్లకూ ఆయన చూపు చీల మీద లేదు, చెవి మాత్రమే పని చేసింది.

పైపలకను ఒకటిగా చేయకుండా రెండు భాగాలు చేయడం ఈ నేలకు తగ్గ ఆలోచన. కాలువలూ వరిచేలూ పక్కనే కొల్లేరూ ఉన్న ఈ పల్లపు సీమలో వానాకాలం గాలి నిండా తేమ ఉంటుంది. కర్ర పొడవులో దాదాపు మారదు, అడ్డంగా మాత్రం ఉబ్బుతుంది, వేసవిలో చిక్కుతుంది. పదంగుళాల టేకు పలక ఏడాదిలో నూలు దాకా పెరిగి తరగవచ్చు. ఇరవై రెండంగుళాల ఒకే పలకైతే ఆ తేడా రెండు నూళ్లు. నాలుగు కాళ్లకూ బిగించి ఉంటే అది కీళ్లను పీకుతుంది. అందుకని ముందు సగాన్ని ముందు కాళ్లకు, వెనక సగాన్ని వెనక కాళ్లకు కూర్చి, నడుమ అంగుళమున్నర సందు వదిలారు. ఉబ్బితే లోపలికే ఉబ్బుతుంది, బయటి అంచు కదలదు. ఆ సందులో ఉలులూ రంపాలూ నిలబెట్టుకోవచ్చు.

పలక బయటి అంచూ ముందు కాళ్ల ముఖాలూ ఒకే గోడలా సమంగా ఉన్నాయి. ఆరున్నర అడుగుల తలుపు చెక్కను అంచు మీద నిలబెట్టినా అది పైన పలకకు, కింద కాళ్లకు ఒకేసారి ఆనుతుంది. ఎడమ కాలికి పట్టు అమర్చారు. కాలి పక్కన నిలువునా ఒక చింత దిమ్మె, పైన దాన్ని కాలివైపు లాగే ఇనుప మరస్క్రూ. స్క్రూ ఒక్కటే ఏలూరు బజారులో కొన్నది. దాని పిడి ఒక చుట్టు తిరిగితే దిమ్మె పావంగుళం జరుగుతుంది. ఆరంగుళాల పిడి కొస ఆ చుట్టులో దాదాపు 38 అంగుళాలు ప్రయాణిస్తుంది. అంటే లెక్క ప్రకారం చేతి బలానికి 150 రెట్లు. రాపిడి అందులో ముప్పాతిక తిన్నా, ఇంకా ముప్పై అయిదు రెట్లకు పైనే మిగులుతుంది. దిమ్మె అడుగున కాలిలోకి దూరే చదును పట్టీ ఒకటి ఉంది. అందులో అడ్డంగా పుల్ల పెట్టే రంధ్రాలు. అడుగున ఆ ఆసరా లేకపోతే పైన బిగించేకొద్దీ కింది కొస లోపలికి వచ్చి దిమ్మె వాలిపోతుంది. మేస్త్రి గారు రంధ్రాలను ఒకే వరసలో వేయకుండా రెండు వరసలుగా, ఒకదాని సందుల్లోకి మరొకటి వచ్చేలా వేశారు. అంగుళం ఎడంగా ఉన్న రంధ్రాలు అలా అరంగుళం సర్దుబాటు ఇస్తాయి, పట్టీ కూడా బలహీనపడదు. ఈ చిన్న యుక్తి నాకు బల్ల మొత్తంలోకీ ఎక్కువ నచ్చింది.

అదుముడు కొక్కేన్ని దగ్గరి ఊళ్లో కమ్మరి కొలిమిలో వంచి తెచ్చారు. పలకలోని ముప్పాతిక అంగుళం రంధ్రంలో కొంచెం వదులుగా ఆడే కడ్డీ అది. దాని వంగిన ముక్కు చెక్క మీద ఆనుతుంది. నెత్తిన ఒక దెబ్బ వేస్తే కడ్డీ రంధ్రంలో ఒరిగి, పైన ఒక అంచునా కింద ఎదురు అంచునా బిగుసుకుంటుంది. వదులుగా ఉండబట్టే ఒరుగుతుంది, ఒరగబట్టే పట్టుకుంటుంది. వెనక నుంచి చిన్న దెబ్బ వేస్తే వదిలేస్తుంది.

చివరికి ఎడమ కొసన, పలకలో చదరపు రంధ్రం తొలిచి అందులో రెండంగుళాల తుమ్మ దిమ్మెను బిగువుగా దిగేశారు. కింద నుంచి కొడితే లేస్తుంది, పై నుంచి కొడితే దిగుతుంది. చిత్రిక పట్టే చెక్క కొస దానికి ఆనుతుంది. దాన్ని అరంగుళం పైకి లేపి చూపిస్తూ, "ఇదిగోండి నా బొటనవేలు" అన్నారు మేస్త్రి గారు.

కాళ్ల కింద కడప రాయి ముక్కలు పెట్టారు. పాత ఇళ్లలో స్తంభాలు రాతి పీఠం మీద నిలిచినట్టే. చెదలూ తేమా ముందుగా కాలి అడుగు నుంచే ఎక్కుతాయి. పైన వార్నిష్ వేయలేదు, జారుతుందని. అవిసె నూనె రెండుసార్లు గుడ్డతో పట్టించి వదిలేశారు.

భాద్రపదంలో ముసురు పట్టినప్పుడు మళ్లీ వెళ్లాను. పన్నెండు నూళ్ల సందు పదిన్నరకు తగ్గింది. కీళ్లలో ఎక్కడా గీతంత ఎడం రాలేదు. మేస్త్రి గారు అప్పుడే వచ్చారు. సమానమైన రెండు బద్దలను పలక రెండు కొసలా నిలబెట్టి, ఒక కన్ను మూసి, ఒక బద్ద పైఅంచు మీదుగా రెండోదాన్ని చూశారు. ఎడమవైపు వెనక మూలలో వెంట్రుకవాసి మెలి కనిపించింది. చిత్రిక అందుకుని ఐమూలగా నాలుగు తోపులు తోశారు. రాలిన పలుచటి చుట్టలను అరచేత్తో పక్కకు తుడిచి, మళ్లీ వంగి బద్దల మీదుగా చూశారు.